ఇంటింటి లెక్కల నిపుణులు ఏ చదువు నుంచి వస్తారు?

ప్రశ్న: నమస్తే సార్. మాది నకిరేకల్ దగ్గర పల్లె. నల్లగొండలో బీఎస్సీ పూర్తి చేశాను. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ గ్రూపు. 2024 చివర్లో ఇంటింటి కుటుంబ సర్వే జరిగినప్పుడు ఫారాలను కంప్యూటర్‌లో ఎక్కించే పని కొన్నాళ్లు చేశాను. ఆ పని నాకు బాగా నచ్చింది. తర్వాత ఆ అంకెల మీద టీవీలో చర్చలు చూశాను. నిపుణులని కూర్చోబెట్టిన వాళ్లలో ఒకరు లాయరు, ఒకరు ఎకనామిక్స్ ప్రొఫెసరు, ఒకరు డాక్టరు. స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు ఒక్కరూ కనిపించలేదు. మరి సర్వే నిపుణులు కావాలంటే ఏం చదవాలి? ఢిల్లీలోనో అమెరికాలోనో చదివితేనే అవుతారా? నాన్నేమో ఇవన్నీ ఎందుకు, బీఈడీ చేసి డీఎస్సీ రాయి అంటున్నాడు. నాకు ఎమ్మెస్సీ చేయాలనుంది. ఇంకో సందేహం. ఆదాయం అడిగితే ఎవరూ నిజం చెప్పరని మా ఊళ్లో అందరూ అంటారు. అలాంటప్పుడు ఈ సర్వేలకు విలువేముంది? ఇదే ఆలోచనతో టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

సమాధానం:

బిడ్డా, ముందు టీవీ సంగతి చూద్దాం. స్టూడియోలో కూర్చున్నంత మాత్రాన ఎవరూ నిపుణులైపోరు. అలాగని లాయరుకో డాక్టరుకో ఇంటింటి సర్వేల గురించి మాట్లాడే అర్హత లేదనీ అనలేం. నువ్వు ఎక్కించిన ఫారాల అంకెలనే తీసుకో. వాటిని విశ్లేషించడానికి 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఒక స్వతంత్ర నిపుణుల బృందాన్ని వేసింది. అధ్యక్షుడు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా చేసి రిటైరైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. సభ్యుల్లో కంచ ఐలయ్య రాజనీతి శాస్త్రం ప్రొఫెసరుగా చేసినవారు, భంగ్యా భూక్యా చరిత్రకారుడు. శాంతా సిన్హా బాలకార్మికులను బడి బాట పట్టించిన మనిషి, జాన్ డ్రెజ్ ఆర్థికవేత్త. కులం, భూమి, చదువు, అప్పు ఒక్క సబ్జెక్టులో ఇమిడేవి కావు కాబట్టే ఇన్ని రకాల వాళ్లు కావలసివచ్చింది. లెక్క కట్టడం ఒక విద్య. ఆ లెక్కలో ఏం అడగాలో, వచ్చిన జవాబుకు అర్థమేమిటో తెలియడం ఇంకో విద్య.

అసలు మన దేశంలో ఈ పనికి పునాది వేసిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ చదువుకున్నది స్టాటిస్టిక్స్ కాదు, ఫిజిక్స్. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ పాఠం చెప్పేవాడు. కేంబ్రిడ్జిలో చదువుతున్నప్పుడు బయోమెట్రికా అనే స్టాటిస్టిక్స్ పత్రిక సంపుటాలు కంటబడ్డాయి. వాటిని కొని వెంట తెచ్చుకున్నాడు, అక్కడ పడింది బీజం. 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. అది మొదలైంది అదే కాలేజీలో ఒక గదిలో. 1950లో జాతీయ నమూనా సర్వే ఆయన చేతుల మీదుగానే మొదలైంది. మనం నిరుద్యోగం ఇంత, నెల ఖర్చు ఇంత అని పేపర్లో చదివే అంకెలకు మూలం ఆ సర్వేనే. ఆయన పుట్టినరోజు జూన్ 29న గణాంక దినోత్సవం జరుపుతారు.

ఇక మన తెలుగాయన, కల్యంపూడి రాధాకృష్ణ రావు. సీఆర్ రావు అంటే నీ సిలబస్‌లో క్రామర్-రావు అసమానత దగ్గర తగిలే ఉంటాడు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎమ్మే చేశాడు. రెండో ప్రపంచయుద్ధం రోజులు. సైన్యంలో గణితం తెలిసినవాళ్లకు ఉద్యోగం ఉందని విని కలకత్తా వెళ్లాడు, అది రాలేదు. అక్కడ మహలనోబిస్ సంస్థలో ట్రైనింగ్ ఇస్తున్నారని తెలిసి 1941లో చేరాడు. రాని ఉద్యోగం పుణ్యమా అని దొరికిన దారి అది. ఆ తర్వాత ఆయనను కేంబ్రిడ్జికి పంపింది కూడా పెద్ద పెద్ద సిద్ధాంతాలు రాయమని కాదు. సూడాన్‌లో తవ్వకాల్లో దొరికిన పాతకాలపు ఎముకల కొలతలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి, వాటిని విశ్లేషించమని. ఆ పని చేస్తూనే పేరుమోసిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఆర్.ఏ. ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ చేశాడు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చేసరికి ఆయన వయసు 102 ఏళ్లు. అదే ఏడాది ఆగస్టులో పోయాడు. ఆయన పేరుతో ఒక సంస్థ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోనే ఉంది.

బయటి దేశాల వాళ్లదీ ఇదే తీరు. శాంపుల్ సర్వేల మీద ఇప్పటికీ అందరూ తిరగేసే 1965 నాటి పాఠ్యపుస్తకం రాసిన లెస్లీ కిష్ అమెరికాకు వలస వెళ్లిన కుటుంబంలోని పిల్లవాడు. రాత్రి కాలేజీలో చదువుకున్నాడు, మధ్యలో చదువు ఆపి స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడి గాయపడి వచ్చాడు, తిరిగొచ్చి గణితం డిగ్రీ పూర్తి చేశాడు. సర్వేకు వెళ్లినప్పుడు ఒక ఇంట్లో నలుగురు పెద్దవాళ్లుంటే ఎవరిని ప్రశ్నించాలి? తలుపు తీసినవాళ్లనే అడిగితే సర్వే మొత్తం ఇంటిపట్టున ఉండేవాళ్ల అభిప్రాయమే అయిపోతుంది. ఈ చిక్కు తీర్చడానికి చిన్న పట్టిక ఒకటి తయారుచేశాడు, దాన్ని కిష్ గ్రిడ్ అంటారు. ఆంగస్ డీటన్ తండ్రి బొగ్గు గనిలో పనిచేసిన మనిషి. డీటన్ కేంబ్రిడ్జిలో గణితంతో మొదలై ఎకనామిక్స్‌కు మారాడు. మన దేశపు ఖర్చుల సర్వేల మీద ఎంతో పనిచేశాడు, 2015లో నోబెల్ తీసుకున్నాడు.

డాక్టరు ఎందుకని అడిగావు కదా. ఈ ప్రశ్న నల్లగొండ జిల్లా వాళ్లు అడగాల్సింది కాదు! మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ సర్వే చేయాలనుకో. ఏ ఇళ్లకు వెళ్లాలో నువ్వు ఎంచగలవు. కానీ ఒక పిల్లవాడి పళ్ల మీది మచ్చ ఫ్లోరైడ్‌దా, ఇంకేదైనానా, అది ఏ స్థాయిదో తేల్చేదెవరు? పళ్ల మచ్చలను స్థాయిలుగా విడగొట్టే కొలతను ప్రపంచానికి ఇచ్చిన ట్రెండ్లీ డీన్ దంతవైద్యుడు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1972 నుంచి ఊళ్లలో చేయించిన తిండి సర్వేల్లో కూడా డాక్టరు, పోషకాహార నిపుణురాలు, సోషల్ వర్కర్ కలిసి వెళ్లేవారు. నిన్న ఎన్ని గ్లాసుల బియ్యం పోశారు, పప్పు ఎంత, ఎవరికెంత వడ్డించారు అని కొలత గిన్నెలు ముందు పెట్టి అడిగేవారు.

ఇప్పుడు నీకు ఢిల్లీ, అమెరికా కంటే దగ్గరి కథ చెప్పాలి. ఇది మన పాలమూరుది. చాలామంది పాలమూరు వాళ్లకే తెలియదు.

1975లో పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ వాళ్లు మెట్ట ప్రాంతపు పల్లెల్లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. మొదట ఎంచుకున్న ఆరు ఊళ్లలో రెండు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లావే, ఔరేపల్లె, డోకూరు. ఔరేపల్లె మాడ్గుల మండలంలో ఉంది, ఇప్పుడది రంగారెడ్డి జిల్లాలోకి పోయింది. డోకూరు దేవరకద్ర మండలం. ఊరికి 40 ఇళ్లు ఎంచారు. కూలి మీద బతికే ఇళ్లు 10, చిన్న, మధ్య, పెద్ద రైతులవి తలా 10. డిగ్రీ చదివి ఆ ప్రాంతపు మాట వచ్చిన యువకులను ఆ ఊళ్లలోనే కాపురం పెట్టించారు. వాళ్లు మూడు నాలుగు వారాలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లి పని, పంట, అప్పు, తిండి, పశువులు అన్నీ రాసుకునేవారు. ఒక్కరోజు సర్వే కాదు. ఏళ్ల తరబడి అవే ఇళ్లు.

ఆ పుస్తకాల్లోని అంకెలతో ఏమైందో తెలుసా? స్విట్జర్లాండ్‌లో పుట్టిన హాన్స్ బిన్స్‌వాంగర్ అనే వ్యవసాయ ఆర్థికవేత్త ఆ ఊళ్లలో నిజం డబ్బుతో పందెం లాంటి ఆట ఆడించాడు. ఖాయంగా వచ్చేది తక్కువ, బొమ్మా బొరుసా తేలాక వచ్చేది ఎక్కువ, ఏది కావాలో కోరుకో అని. అన్నిటికంటే పెద్ద పందెంలో వచ్చే సొమ్ము ఆ రోజుల్లో కూలివాడి నెల సంపాదన కంటే ఎక్కువ. రైతు కొత్త విత్తనం ఎందుకు వేయడు, మొండితనమా, భయమా, డబ్బు లేకనా అని కనుక్కోవడం ఆయన ఉద్దేశం. పందెం పెద్దదయ్యేకొద్దీ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ దాదాపు ఒకేలా జాగ్రత్తపడ్డారు. అంటే పేదరైతు వెనకాడేది స్వభావంలో తేడా వల్ల కాదు, అప్పు పుట్టకపోవడం లాంటి ఇబ్బందుల వల్ల.

ఇంకొకటి ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మార్క్ రోజెన్‌జ్వీగ్, ఓడెడ్ స్టార్క్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1989లో ఈ గ్రామాల లెక్కలతోనే ఒక పరిశోధన పత్రం రాశారు. ఆడపిల్లలను దూరపు ఊళ్లకు ఇచ్చిన ఇళ్లలో కరువొచ్చినా తిండి ఖర్చు పెద్దగా తగ్గలేదని తేల్చారు. మన ఊళ్లో వాన పడకపోయినా వియ్యంకుల ఊళ్లో పడుతుంది, అవసరానికి అటు నుంచి ఆసరా వస్తుంది. మన అమ్మమ్మలు సంబంధాలు చూసేటప్పుడు అటు నీళ్లున్నాయా అని ఆరా తీయడం మనకు కొత్తేమీ కాదు. దాన్ని అంకెల్లో రుజువు చేయడానికి మాత్రం ఆ ఊళ్లో కాపురమున్న కుర్రాళ్లు ఓపికగా నింపిన పుస్తకాలు కావలసివచ్చాయి.

ఇక్కడే ఒక చేదు మాట కూడా చెప్పాలి. ఆ లెక్కలతో పత్రాలు రాసినవాళ్ల పేర్లు ప్రపంచమంతా పాకాయి. ఇంటింటికీ తిరిగి రాసినవాళ్ల పేర్లు చాలావరకు కృతజ్ఞతల వరుసలో ఆగిపోయాయి. న్యాయం కాదు, కానీ జరిగేది అదే. అందుకే నీకు నా సలహా ఇది. ఇల్లు తెలిసినంత మాత్రాన సరిపెట్టుకోకు. ఊరు, మాట, పొలం, అప్పు నీకు పుట్టుకతో వచ్చాయి. ఢిల్లీలో పెరిగిన పిల్ల వాటిని నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. నువ్వు కష్టపడి సంపాదించాల్సింది గణితం. శాంప్లింగ్ సిద్ధాంతం, రిగ్రెషన్, కొంచెం ఎకనామిక్స్, ఆర్ లాంటి ఒక సాఫ్ట్‌వేరు. ఈ రెండూ ఒకే మనిషిలో కలవడం అరుదు. మంచి సర్వే నిపుణులందరిలో నాకు కనిపించిన ఉమ్మడి గుణం కూడా డిగ్రీ పేరు కాదు, ఇదే.

గణితం ఎందుకు తప్పదో చెబుతాను. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. గిన్నె మొత్తం ఒకే మంట మీద ఉడికింది కాబట్టి అక్కడ చెల్లుతుంది. ఊరు అలా ఉడకదు. బొడ్రాయి చుట్టూ ఉన్న ఇల్లు వేరు, వాడలోని ఇల్లు వేరు, ఊరికి దూరంగా తండాలోని ఇల్లు వేరు. ఏ మెతుకు పట్టాలో, ఎన్ని పట్టాలో, ఒక్కో మెతుకు ఎంతమందికి లెక్కో చెప్పేదే శాంప్లింగ్. జాతీయ సర్వేల డేటాలో ప్రతి ఇంటి పక్కన మల్టిప్లయర్ అని ఒక అంకె ఉంటుంది, అంటే ఆ ఒక్క ఇల్లు ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే అంకె. దాన్ని మరచి సగటు తీసినవాడు టీవీలో ఎంత గట్టిగా మాట్లాడినా ఆ అంకె చెల్లదు.

ఇల్లు తెలియడం ఎందుకో కూడా చూడు. సర్వే పుస్తకంలో కుటుంబమంటే మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంట తినేవాళ్లు. చదవడానికి తేలికే. ఒక ముసలమ్మ నెల రోజులు పెద్దకొడుకు ఇంట్లో, నెల రోజులు చిన్నకొడుకు ఇంట్లో వంతులవారీగా తింటోంది. రెండిళ్లలోనూ రాస్తే ఆమె ఇద్దరవుతుంది, మాకు కాదంటే మాకు కాదని రెండిళ్లూ అంటే అసలు లేకుండానే పోతుంది. మహబూబ్‌నగర్ వైపు ఇంకో రకం. దీపావళి దాటాక ఆలుమగలిద్దరూ పుణేకో ముంబైకో మేస్త్రీతో వెళ్లిపోయారు. ఇంటి దగ్గర పిల్లలు, నాయనమ్మ. తలుపు మీద సర్వే స్టిక్కరు ఉంది, లోపల సంపాదించేవాళ్లు లేరు. వాళ్లను ఈ ఇంటివాళ్లుగా రాయాలా వద్దా అన్నది వాళ్లు ఎన్ని నెలలు ఎక్కడుంటారన్న దాన్ని బట్టి తేలుతుంది. ఆ ప్రశ్నను ఏ మాటల్లో అడగాలో వలస చూడని మనిషికి తట్టదు.

పొలంలోనూ అంతే. మండలంలో గణాంక అధికారులు చేసే పంట కోత ప్రయోగం నువ్వు చూసే ఉంటావు. లాటరీ పద్ధతిలో సర్వే నంబరు తీస్తారు, ఆ వరి మడిలో ఐదు మీటర్ల చదరం గుర్తుపెట్టి, కోసి, నూర్చి, తూకం వేస్తారు. మహలనోబిస్, వ్యవసాయ గణాంకాల శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మె మధ్య ఈ చదరం ఎంత ఉండాలన్న దాని మీద పెద్ద వాదమే నడిచింది. చిన్న ముక్క కోస్తే దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువ వస్తోందని సుఖాత్మె చూపించాడు. కారణం ఏ సూత్రంలోనూ లేదు. తాడు మీద పడ్డ దుబ్బును కోసేవాడి చెయ్యి ఎప్పుడూ లోపలికే లాగుతుంది. ముక్క చిన్నదైతే అంచు భాగం ఎక్కువ, పొరపాటూ ఎక్కువ. చేనులో నిలబడనివాళ్లకు ఈ సంగతి కాగితం మీద కనిపించదు.

ఆదాయం గురించి మీ ఊళ్లో అనేది నిజమే. రేషన్ కార్డు పోతుందేమో, పింఛను ఆగుతుందేమో అని జనం తగ్గించి చెబుతారు. ఇంకో సంగతి, చాలామందికి నిజంగానే తెలియదు. పత్తి అమ్మిన డబ్బులో విత్తనం, మందు, కూలి, వడ్డీ పోను మిగిలిందెంతో ఏ రైతైనా గుమ్మంలో నిలబడి ఒక్క అంకెలో చెప్పగలడా? అందుకే జాతీయ నమూనా సర్వే దశాబ్దాలుగా ఆదాయం కంటే ఖర్చు మీదే ఎక్కువ ఆధారపడింది. నూనె ఎంత కొన్నారు, బియ్యం ఎంత, పిల్లల ఫీజు ఎంత అని విడివిడిగా అడుగుతారు. 2022-23 ఖర్చుల సర్వేలో పెద్ద ప్రశ్నావళిని మూడుగా విడగొట్టి, ఒకే ఇంటికి వేర్వేరు నెలల్లో మూడుసార్లు వెళ్లారు. ఒకేసారి కూర్చోబెట్టి అన్నీ అడిగితే చివరికొచ్చేసరికి చెప్పేవాళ్లకూ రాసేవాళ్లకూ విసుగొచ్చి ఏదో ఒకటి రాసేస్తారు కదా. ఆ సర్వే ప్రకారం తలసరి నెల ఖర్చు దేశం మొత్తం మీద పల్లెల్లో 3,773 రూపాయలు, పట్టణాల్లో 6,459.

ఖర్చు అడగడంలోనూ తిరకాసులున్నాయి. గత 7 రోజుల్లో ఎంత తిన్నారంటే ఒక జవాబు, గత 30 రోజుల్లో ఎంతంటే ఇంకో జవాబు. 1999-2000 సర్వేలో రెండు ప్రశ్నలూ పక్కపక్కనే అడిగారు. ఒకదాని జవాబు రెండోదాన్ని లాగేసింది. దాంతో ఆ ఏడాది పేదరికం నిజంగా ఎంత తగ్గిందన్న దాని మీద ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. డీటన్, డ్రెజ్ కలిసి ఆ ముడి విప్పే పనిలో చాలాకాలం ఉన్నారు. ఇప్పుడు ఆదాయం మీదే దేశమంతా సర్వే చేయాలని 2025లో ఒక నిపుణుల బృందాన్ని వేశారు. దాని అధ్యక్షుడు సుర్జీత్ భల్లా. ఆర్థికవేత్తగా పేరున్నా, మొదట చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్! జనం నిజం చెప్పరు కాబట్టి సర్వే ఉత్తదే అని వదిలేస్తే ఇక వీళ్లెవరికీ పనే ఉండదు. అబద్ధం ఎటువైపు ఉంది, ఎంత ఉంది, ప్రశ్న ఎలా మారిస్తే తగ్గుతుంది అని వెతకడమే వీళ్ల వృత్తి.

ఇక నీ చదువు, నాన్న మాట. నాన్నను తప్పుపట్టకు. మన జిల్లాలో చేతికి కనిపించే సర్కారు కొలువు టీచరుదే. కాకపోతే ఆయనకొక మాట సరదాగా చెప్పు, డీఎస్సీ కొట్టినా జనగణన రాగానే ఫారాల సంచీ తగిలించేది టీచరు భుజానికే కదా అని. ఆ తర్వాత అసలు సంగతి చెప్పు. నీ డిగ్రీతో నేరుగా రాయగల కొలువులు ఇందులోనూ ఉన్నాయి. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులుంటాయి. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉన్నవాళ్లు అర్హులు. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకు కూడా డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉంటే చాలు, పీజీ ఉండాలనేం లేదు. వయసు 21 నుంచి 30, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంటుంది. మొత్తం 1200 మార్కుల్లో స్టాటిస్టిక్స్ పేపర్లు నాలుగు, ఒక్కోటి 200. ఇంటర్వ్యూకు ఇంకో 200. పేపర్ల ప్రమాణం మాత్రం ఎమ్మెస్సీ స్థాయిలో ఉంటుంది. కాబట్టి ఎమ్మెస్సీ చేస్తే చదువూ అయిపోతుంది, పరీక్షకూ పనికొస్తుంది. నాన్న దగ్గర నీకున్న గట్టి వాదన ఇదే.

రాష్ట్రంలోనైతే అర్థగణాంక శాఖ ఉంది. జిల్లాలో ముఖ్య ప్రణాళికాధికారి, మండలంలో ప్రణాళిక, గణాంక అధికారి ఆ శాఖవాళ్లే. నోటిఫికేషన్లు రోజూ రావు, వాటి కోసమే కూర్చోవద్దు. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఉస్మానియాలో కావాలంటే సీపీగెట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ. ధైర్యం ఉంటే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఎం.స్టాట్ ప్రవేశపరీక్ష కూడా రాయి. అందులో సీటొస్తే ట్యూషన్ ఫీజు లేదు, స్టయిపెండ్ ఇస్తారు. పరీక్ష మాత్రం కఠినం, గైడ్లు బట్టీపడితే రాదు. జనాభా, ఆరోగ్యం వైపు మనసుంటే ముంబైలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ ఉంది, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నడిపేది వాళ్లే. అలాంటి సర్వేల్లో ఆడవాళ్లను అడిగే ప్రశ్నలకు ఆడవాళ్లే కావాలి. ఫీల్డులో మాట తెలిసిన అమ్మాయిలకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది.

గిరాకీ అన్నాను కదా అని కాంట్రాక్టు సర్వే పనులన్నిటికీ ఒప్పుకోకు. కొన్ని ఏజెన్సీలు ఫారానికి ఇంత అని లెక్కగట్టి ఇస్తాయి. అలా ఇస్తే చెట్టు కింద కూర్చుని నింపెయ్యమని చెప్పినట్టే. చేరేముందు మూడు అడుగు. రోజుకు ఎన్ని ఇళ్లు చేయమంటారు, తాళమేసిన ఇంటికి మళ్లీ ఎన్నిసార్లు వెళ్లాలి, రాసినదాన్ని ఇంకొకరు వెళ్లి సరిచూస్తారా? మూడోదానికి సరైన జవాబు రాకపోతే ఆ పని నీకు ఏమీ నేర్పదు, డబ్బు కూడా సరిగా రాదు. టీవీ నిపుణులను తూచడానికి కూడా ఇలాంటి ప్రశ్నే పనికొస్తుంది. ఆయన ఏ యూనివర్సిటీ అని చూడకు. ఆ సర్వే ఖాళీ ఫారం ఎప్పుడైనా చదివాడా, ఎన్ని ఇళ్ల మీద ఆ శాతం తీశాడో చెబుతున్నాడా అని చూడు.

సీపీగెట్ దాకా ఊరికే ఉండకుండా ఒక పని చెయ్యి. కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా పోర్టల్‌లో రిజిస్టరైతే జాతీయ సర్వేల డేటా, ప్రశ్నావళి, సర్వే చేసేవాళ్లకిచ్చే సూచనల పుస్తకం ఉచితంగా దొరుకుతాయి. ఖర్చుల సర్వే ప్రశ్నావళి దింపుకుని మీ ఇంటికే నింపు. ఉప్పు, పప్పు, నూనె అమ్మను అడుగు. ఎరువులు, కల్లు, బండి పెట్రోలు నాన్నను విడిగా అడుగు. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి అడిగితే ఏ జవాబులు మారతాయో రాసిపెట్టుకో. రేషన్‌లో వచ్చే సన్నబియ్యానికి డబ్బు కట్టలేదు కదా, దాన్ని ఖర్చు కింద ఎలా చూపాలో సూచనల పుస్తకంలో వెతుకు. ఆ తర్వాత డేటా తెరిచి, మల్టిప్లయర్ వేసి, తెలంగాణ పల్లెల తలసరి ఖర్చు తీసి ప్రభుత్వం ప్రచురించిన అంకెతో పోల్చి చూసుకో. కలవకపోతే తప్పు ఎక్కడో దొరికేదాకా వదలకు. కలిసిందని ఉత్సాహపడి నల్లగొండ అంకె కూడా తీసి స్టేటస్‌లో పెట్టేవు! ఆ శాంపుల్‌ను రాష్ట్రం కోసం వేశారు, ఒక్క జిల్లాకు వచ్చే ఇళ్లు బొత్తిగా తక్కువ. ఎక్కడైనా ఆగిపోతే నాకు మళ్లీ రాయి. ఏ బ్లాకు, ఎన్నో గడి దగ్గర ఆగావో నంబరుతో సహా రాస్తే చెప్పడం తేలిక.